చెవిపోటు, చెవి దురద: కారణం పట్టుకుని తగ్గించుకోవడం ఎలా

చెవిపోటు పగలంతా ఓర్చుకోగలిగినట్టే ఉంటుంది. రాత్రి పడుకోగానే దాని అసలు రూపం బయటపడుతుంది. తల వాల్చగానే చెవి లోపల ఒత్తిడి పెరుగుతుంది, చుట్టూ సద్దు ఉండదు, ధ్యాసంతా నొప్పి మీదే ఉంటుంది. ఆ సమయంలో చేతికి ఏది దొరికితే అది చెవిలో పోసుకోవాలనిపిస్తుంది. కాచిన నూనె, ఎప్పుడో మిగిలిపోయిన డ్రాప్స్, ఎవరో చెప్పిన ఆకు పసరు. దయచేసి ఒక్క నిమిషం ఆగండి. చెవిపోటు అనేది ఒకే జబ్బు కాదు. ఫంగస్ పట్టిన చెవిలో యాంటీబయాటిక్ చుక్కలు వేస్తే ఫంగస్ ఇంకా పెరుగుతుంది. కర్ణభేరికి చిల్లు ఉన్న చెవిలో కొన్ని రకాల చుక్కలు వేస్తే వినికిడే దెబ్బతినవచ్చు. పన్ను వల్ల వచ్చిన చెవిపోటుకు చెవిలో ఏం వేసినా ఫలితం ఉండదు.

కాబట్టి చెవిలో ఏదైనా వేసే ముందు ఆ నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో చూసుకోవాలి. పక్కాగా తేల్చగలిగేది చెవిలోకి లైటు వేసి చూసే డాక్టరే. కానీ అయిదు నిమిషాలు ఓపిక పడితే మీకూ చాలావరకు అంచనా దొరుకుతుంది. ఈ రాత్రికి ఏం చేయాలో, రేపు ఎక్కడికి వెళ్లాలో తెలియడానికి ఆ అంచనా చాలు.

ముందుగా, చెవి లోపల ఏముంది

చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉండే దారి పెద్దవాళ్లలో సుమారు 2.5 సెంటీమీటర్లు. అది తిన్నగా ఉండదు, చిన్న మెలిక తిరిగి ఉంటుంది. బయటి మూడో వంతులో మెత్తని ఎముక, దాని మీద కాస్త మందంగా ఉండే చర్మం, సన్నని వెంట్రుకలు, గులిమి తయారుచేసే గ్రంథులు ఉంటాయి. లోపలి రెండు వంతులూ గట్టి ఎముక. దాని మీద చర్మం ఉల్లిపొరంత పల్చగా అతుక్కుని ఉంటుంది. వాపు వస్తే సాగడానికి అక్కడ చోటు లేదు. చెవి దారిలో చిన్న సెగగడ్డ లేచినా ప్రాణం పోతున్నట్టు ఉండేది అందుకే.

కర్ణభేరి వెనుక గాలి నిండిన చిన్న గది ఉంటుంది. దాన్ని మధ్య చెవి అంటారు. అక్కడి నుంచి ఒక సన్నని గొట్టం ముక్కు వెనుక భాగానికి వెళుతుంది. గుటక వేసినప్పుడు, ఆవలించినప్పుడు అది తెరుచుకుని లోపలి గాలి ఒత్తిడిని సరిచేస్తుంది. జలుబు చేసి ఆ గొట్టం మూసుకుపోతే చెవి దిబ్బడ వేస్తుంది. పిల్లల్లో అది పొట్టిగా, ఇరుకుగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. పసివాళ్లకు జలుబు చేసినప్పుడల్లా చెవిపోటు తోడుగా రావడానికి అదే కారణం.

ఈ రెండు చోట్లూ గుర్తుపెట్టుకోండి. కర్ణభేరికి బయట ఉన్న దారి, కర్ణభేరి వెనుక ఉన్న గది. చెవి జబ్బుల్లో మనం తరచుగా చూసేవి దాదాపు ఈ రెండు చోట్లలోనే ఉంటాయి.

నొప్పి ఎక్కడిదో చూసుకోండి

చెవి రంధ్రం ముందు, చెంప వైపు చిన్న బుడిపె ఉంటుంది కదా, దాన్ని వేలితో లోపలికి నొక్కండి. తర్వాత చెవి డొప్పను పట్టుకుని పైకి, వెనక్కి మెల్లగా లాగండి. అలా చేయగానే నొప్పి చురుక్కుమని పెరిగితే తేడా బయటి దారిలో ఉందని అర్థం. ఎంత లాగినా నొప్పి మారకుండా లోపల ఎక్కడో పొడుస్తున్నట్టు ఉంటే, ఈ వారం పది రోజుల్లో జలుబు చేసిందా, జ్వరం వచ్చిందా, ఆ చెవికి సరిగా వినబడడం లేదా అని చూసుకోండి. ఇవి ఉంటే మధ్య చెవిని అనుమానించాలి.

రెండూ కాకపోతే నోరు పెద్దగా తెరిచి మూయండి. చెవి ముందు దవడ కీలు మీద వేలు పెట్టి నొక్కండి. ఆ వైపు పళ్లను ఒక్కొక్కటిగా చెంచా వెనుక భాగంతో మెల్లగా తట్టండి. గుటక వేసి చూడండి. వీటిలో దేనితోనైనా చెవిపోటు పెరిగితే అసలు తప్పు చెవిది కాకపోవచ్చు.

చివరగా, చెవి నుంచి ఏమైనా కారుతోందా చూడండి. నీళ్లలా ఉందా, చీములా ఉందా, రక్తం కలిసిందా, వాసన ఉందా అన్నది గుర్తుపెట్టుకోండి. దిండు మీద మరక పడితే దాన్ని ఫోటో తీసి ఉంచుకోండి. డాక్టర్‌కు పనికొస్తుంది.

ఇవి కనిపిస్తే ఇంట్లో కూర్చోవద్దు

చెవి వెనుక ఎముక మీద ఎర్రగా వాచి, చెవి ముందుకు తోసుకొచ్చినట్టు కనిపిస్తే చెవి వెనుక ఎముకకు ఇన్ఫెక్షన్ పాకి ఉండవచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మూతి ఒక పక్కకు వంకర పోవడం, కన్ను మూతపడకపోవడం, చెవి మీద నీటి పొక్కులు రావడం కూడా అంతే. అది ఎప్పుడో వచ్చిన అమ్మోరు (ఆటలమ్మ, చికెన్‌పాక్స్) వైరస్ మళ్లీ నిద్రలేచి నరాన్ని పట్టడం కావచ్చు. మందు మొదటి మూడు రోజుల్లో మొదలుపెడితే ముఖం కోలుకునే అవకాశం ఎక్కువ.

ఒక చెవి ఉన్నట్టుండి వినబడకుండా పోతే, నొప్పి లేకపోయినా అది అత్యవసరమే. గులిమి అడ్డుపడిందిలే అని వారాలు గడపకండి. లోపలి నరం దెబ్బతిని ఉంటే మందు ఎంత త్వరగా పడితే అంత మంచిది. నిలబడలేనంతగా తల తిరగడం, మెడ బిగుసుకుపోయి తీవ్రమైన జ్వరం, తలకు దెబ్బ తగిలాక చెవి నుంచి రక్తం గానీ నీళ్లు గానీ రావడం, ఇవన్నీ వెంటనే చూపించాల్సినవే.

షుగర్ ఉన్నవాళ్లకు, ముఖ్యంగా వయసు పైబడినవాళ్లకు ఒక మాట విడిగా చెప్పాలి. వాళ్లకు బయటి చెవి ఇన్ఫెక్షన్ కొన్నిసార్లు చర్మం దాటి ఎముకలోకి దిగుతుంది. నొప్పి లోతుగా, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనంతగా ఉంటుంది, మామూలు చుక్కలతో తగ్గదు. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లు వారం రోజులుగా చెవిపోటు అంటుంటే, వయసు మీద పడిందిలే అని తీసేయకుండా ఈఎన్టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లకు కూడా ఇదే జాగ్రత్త.

ఈ రాత్రికి నొప్పి తగ్గించుకోవడం ఎలా

పైన చెప్పిన ప్రమాద సూచనలు లేకపోతే తెల్లారే దాకా ఆగవచ్చు. చెవిలో ఏమీ వేయకుండానే నొప్పి తగ్గించుకునే దారులు ఉన్నాయి.

అందరికీ ముందుగా అందేది పారాసిటమాల్. పెద్దవాళ్లు ఒకసారికి 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, కనీసం 4 నుంచి 6 గంటల ఎడంతో వేసుకోవచ్చు. రోజు మొత్తం మీద 4000 మిల్లీగ్రాములు దాటకూడదు. కాలేయ జబ్బు ఉన్నా, మద్యం అలవాటు ఉన్నా, మనిషి బాగా బక్కపలచగా ఉన్నా ఆ పరిమితి ఇంకా తగ్గుతుంది, డాక్టర్‌ను అడగాలి. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది. రెండూ కలిపి లెక్కపెట్టండి. పిల్లలకు బరువును బట్టి ఇవ్వాలి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, 24 గంటల్లో నాలుగు సార్లకు మించకుండా. సీసా మీద ఒక మిల్లీలీటర్‌కు ఎంత మందు ఉందో చదివాకే కొలవండి, ఎందుకంటే చుక్కల మందుకూ సిరప్‌కూ బలం వేరు. మూడు నెలల లోపు పసివాళ్లకు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఏదీ ఇవ్వకూడదు.

వాపు వల్ల వచ్చే నొప్పికి ఐబుప్రొఫెన్ బాగా పనిచేస్తుంది. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు సొంతంగా వేసుకోకూడదు. ఆరు నెలల లోపు పిల్లలకు వద్దు. ఆస్పిరిన్ అయితే 16 ఏళ్ల లోపు ఎవరికీ ఇవ్వకండి. అరుదుగానే అయినా మెదడుకూ కాలేయానికీ ప్రాణాంతకమైన జబ్బు తెచ్చిపెడుతుంది.

గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన బట్టను చెవి బయట పది నిమిషాలు ఉంచితే హాయిగా ఉంటుంది. ముందు మీ ముంజేతి మీద వేడి చూసుకోండి. తల కింద ఇంకో దిండు పెట్టుకుని, నొప్పి ఉన్న చెవి పైకి వచ్చేలా పడుకోండి. ఎత్తుగా పడుకోవడం ఒక్కటే చాలామందికి సగం ఉపశమనం ఇస్తుంది.

దురద గురించి కొంచెం వివరంగా

నొప్పికి అందరూ డాక్టర్ దగ్గరికి వెళతారు. దురదకు ఎవరూ వెళ్లరు. బడ్ పెట్టి తిప్పుకుంటారు. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. స్నానం కాగానే రెండు చెవుల్లోనూ బడ్ తిప్పితే గానీ రోజు మొదలయ్యేది కాదు. ఆ తిప్పడంలో ఉన్న సుఖం నాకు బాగా తెలుసు, అందుకే దాని గురించి ఇంత గట్టిగా చెబుతున్నాను.

గులిమి మురికి కాదు. అది కొంచెం ఆమ్ల గుణం ఉన్న జిడ్డు పూత. నీళ్లు చర్మంలోకి ఇంకకుండా, సూక్ష్మజీవులు పెరగకుండా కాపాడుతుంది. చెవి దారి చర్మం కర్ణభేరి వైపు నుంచి బయటికి నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది. మాట్లాడేటప్పుడు, నమిలేటప్పుడు దవడ కదలిక దానికి తోడై పాత గులిమి దానంతట అదే బయటికి వస్తుంది. బడ్ పెట్టినప్పుడు కొనకు కొంచెం అంటుకుని వస్తుంది, మిగతాదంతా లోపలికి వెళ్లి గట్టిపడుతుంది. పూత పోయిన చర్మం పొడిబారి దురద పెడుతుంది. దురద పెట్టిందని మళ్లీ బడ్ పెడతాం. గీసుకున్న చోట కంటికి కనిపించని పగుళ్లు పడతాయి, వాటిలోకి తేమ, తేమ వెంట ఫంగస్ చేరతాయి. నా చెవిలో జరిగింది అదే. పైగా ఇంట్లో ఉన్న పాత యాంటీబయాటిక్ చుక్కలు పది రోజులు వేసుకున్నాను. డాక్టర్ కెమెరా పెట్టి తెర మీద చూపించినప్పుడు చెవి దారంతా తడిసిన కాగితం ముద్దలా తెల్లగా, మధ్యలో నల్లని చుక్కలతో ఉంది. యాంటీబయాటిక్ మామూలుగా అక్కడ ఉండే బ్యాక్టీరియాను చంపి ఫంగస్‌కు చోటు ఖాళీ చేసిపెట్టిందని అప్పుడే నాకు తెలిసింది.

కాబట్టి దురద ఉన్నప్పుడు మొదట చేయాల్సింది ఒక్కటే. బడ్స్, పిన్నీసులు, అగ్గిపుల్లలు, పెన్ను మూతలు, తాళంచెవులు, చిటికెన వేలి గోరు, వీటిలో ఏదీ చెవిలోకి వెళ్లకూడదు. పూర్తిగా రెండు వారాలు. మొదటి మూడు నాలుగు రోజులు చాలా కష్టంగా ఉంటుంది. దురద ఎత్తినప్పుడు చెవి ముందు బుడిపెను బయటి నుంచే వేలితో నొక్కి గుండ్రంగా తిప్పండి, లేదా చల్లని తడిబట్ట చెవి బయట అద్దండి. బడ్స్ డబ్బా కళ్ల ముందు లేకుండా చేయండి. చెవులు కేవలం పొడిబారి దురద పెడుతుంటే చాలామందికి దీంతోనే తగ్గిపోతుంది. కర్ణభేరికి చిల్లు లేదని తెలిసినవాళ్లు రెండు మూడు రోజులకోసారి ఒక చుక్క శుభ్రమైన ఆలివ్ నూనె వేసుకోవచ్చు. వేడి చేయకుండా, ఒక్క చుక్క మాత్రమే. చెవి తడిగా ఉన్నట్టు అనిపిస్తున్నా, ఫంగస్ అనుమానం ఉన్నా అది కూడా వద్దు.

రెండు వారాలు ఆగినా దురద పోకపోతే కారణం వెతకాలి. దురద విపరీతంగా ఉండి, చెవి నిండినట్టు బరువుగా అనిపించి, కొంచెం నీరులా కారుతుంటే ఫంగస్‌ను అనుమానించండి. దీనికి చుక్కలు ఒక్కటే చాలవు. డాక్టర్ సన్నని గొట్టంతో ఆ ముద్దను పీల్చి శుభ్రం చేయాలి, ఆ తర్వాత క్లోట్రిమజోల్ లాంటి ఫంగస్ మందు వేస్తేనే అది చర్మాన్ని తాకుతుంది. దురద మూడో రోజుకే తగ్గిపోతుంది, అక్కడే అందరం మోసపోతాం. డాక్టర్ చెప్పినన్ని రోజులు, సాధారణంగా రెండు వారాల దాకా, ఆపకుండా వేయాలి. మధ్యలో ఆపితే అదే చోట మళ్లీ మొదలవుతుంది.

తలలో చుండ్రు, కనుబొమల దగ్గర పొలుసులు ఉండి చెవి దారిలోనూ పొట్టు రాలుతుంటే అది చర్మ సమస్య. తలకు చుండ్రు మందు షాంపూ వాడితే చెవి దురద కూడా తగ్గడం చూస్తాం. చెవి లోపలికి మాత్రం డాక్టర్ రాసిన స్టెరాయిడ్ చుక్కలే వాడాలి. తమ్మెల దగ్గర దురద, ఎర్రదనం ఉంటే కమ్మల్లోని నికెల్ పడలేదేమో చూడండి. జుట్టు రంగు, కొత్త షాంపూ, ఇయర్‌ఫోన్ రబ్బరు, వినికిడి యంత్రం అచ్చు, ఇవన్నీ అలర్జీ తేగలవు. మొన్నమొన్న ఏది కొత్తగా మొదలుపెట్టారో గుర్తుచేసుకుని దాన్ని కొన్నాళ్లు ఆపి చూడండి. తుమ్ములు, ముక్కు కారడం, అంగిలి దురదతో పాటు రెండు చెవులూ లోలోపల దురద పెడుతుంటే అది ముక్కు అలర్జీ. సెటిరిజిన్ లాంటి అలర్జీ మాత్రతో రెండూ తగ్గుతాయి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. చుక్కలు వేస్తున్న కొద్దీ దురద, ఎర్రదనం పెరుగుతుంటే ఆ చుక్కలే పడడం లేదని అర్థం. నియోమైసిన్ ఉన్న మందులతో ఇది తరచుగా జరుగుతుంది. చుక్కలు ఆపి డాక్టర్‌కు చెప్పండి.

బయటి దారిలో ఇన్ఫెక్షన్ అయితే

చెవి డొప్ప లాగితే నొప్పి, నమిలినా నొప్పి, చెవి దారి వాచి మూసుకుపోయినట్టు ఉండడం, ఇవి దీని గుర్తులు. ఈత కొట్టేవాళ్లకు, చెవులు తడిగా వదిలేసేవాళ్లకు, బడ్ వాడేవాళ్లకు ఎక్కువగా వస్తుంది. చికిత్స మాత్రలతో కాదు, చుక్కలతోనే. సాధారణంగా సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్, దానితో పాటు వాపు తగ్గించే స్టెరాయిడ్ కలిపిన చుక్కలు వారం రోజులు రాస్తారు. చుక్క లోపలికి దిగనంతగా వాస్తే డాక్టర్ సన్నని వత్తి పెట్టి దాని మీద మందు వేయమంటారు. రెండు మూడు రోజుల్లో తేడా తెలియాలి. తెలియకపోతే మళ్లీ వెళ్లండి, ఫంగస్ అయి ఉండవచ్చు.

ఈ వారం పది రోజులూ చెవిలోకి నీళ్లు పోకూడదు. దూదిని వాజిలిన్‌లో అద్ది రంధ్రం బయట మూతలా పెట్టుకుని స్నానం చేసి, వెంటనే తీసేయండి. ఈత వద్దు, చెవి లోపల దూర్చే ఇయర్‌ఫోన్లు వద్దు.

జలుబు తర్వాత వచ్చే లోపలి నొప్పి

ముక్కు వెనుక గొట్టం మూసుకుపోయి, మధ్య చెవిలో నీరు చేరి, అందులో ఇన్ఫెక్షన్ పడితే కర్ణభేరి బుడగలా ఉబ్బుతుంది. పిల్లల్లో ఎక్కువ. మాటలు రాని పిల్లలు పడుకోబెడితే ఏడుస్తారు, కూర్చోబెడితే కాస్త ఊరుకుంటారు, పాలు తాగుతూ మధ్యలో వదిలేస్తారు, జ్వరం ఉంటుంది. జ్వరం, ఏడుపు లేకుండా ఊరికే చెవి లాగుకోవడం మాత్రం చాలాసార్లు ఇన్ఫెక్షన్ కాదు.

తల్లిదండ్రులు ఇక్కడ ఒక విషయం నమ్మాలి. ఈ చెవిపోటు చాలావరకు రెండు మూడు రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. నొప్పి మందు తప్పక ఇవ్వాలి, యాంటీబయాటిక్ మాత్రం ప్రతిసారీ అక్కర్లేదు. రెండేళ్లు దాటిన పిల్లాడికి ఒక చెవిలోనే ఉండి, జ్వరం తక్కువగా ఉంటే డాక్టర్ రెండు మూడు రోజులు చూద్దామంటారు. అది నిర్లక్ష్యం కాదు, టెన్షన్ పడకండి. ఆరు నెలల లోపు వాళ్లకు, నీరసంగా పడి ఉన్నవాళ్లకు, రెండేళ్ల లోపు ఉండి రెండు చెవులూ పట్టినవాళ్లకు, చీము కారుతున్నవాళ్లకు మందు అప్పుడే మొదలుపెడతారు. మొదలుపెట్టిన యాంటీబయాటిక్‌ను డాక్టర్ చెప్పిన గడువు దాకా వాడాలి.

కొన్నిసార్లు రాత్రంతా ఏడ్చిన పిల్లాడు తెల్లారేసరికి హాయిగా నిద్రపోతాడు, దిండు మీద చీము మరక ఉంటుంది. ఒత్తిడికి కర్ణభేరి చిన్నగా చిట్లి చీము బయటికి వచ్చిందన్నమాట. కంగారు పడకండి, ఆ చిల్లు చాలావరకు కొన్ని వారాల్లో పూడుతుంది. కానీ అదే రోజు డాక్టర్‌కు చూపించండి. చెవిలోకి నీళ్లు, నూనె, పాత చుక్కలు ఏవీ వెళ్లనివ్వకండి. నొప్పి పోయాక కూడా లోపల నీరు మూడు నెలల దాకా నిలిచి ఉండవచ్చు. పిల్లాడు టీవీ సౌండ్ పెంచుతున్నా, పిలిస్తే పలకకపోయినా వినికిడి పరీక్ష చేయించండి. మాట నేర్చుకునే వయసులో ఇది చాలా ముఖ్యం.

ఇంట్లో ఎవరూ పొగ తాగకపోవడం, పాపాయిని పడుకోబెట్టి సీసా పాలు పట్టకపోవడం, న్యూమోకాకల్ టీకా వేయించడం, ఈ మూడింటితో ఈ బెడద తగ్గుతుంది.

నొప్పి లేకుండా రెండు వారాలకు మించి చెవి కారుతుంటే దాన్ని చిన్నగా చూడకండి. నొప్పి లేదు కదా అని వదిలేసే చెవులే ఎక్కువగా చెడిపోతాయి. ముఖ్యంగా కొంచెమే కారుతూ కుళ్లు వాసన వస్తుంటే లోపల చర్మం ముద్దగా పెరిగి ఎముకను తింటూ ఉండవచ్చు. దానికి ఆపరేషన్ తప్ప వేరే దారి ఉండదు.

గులిమి అడ్డుపడితే

చెవి మూసుకుపోయినట్టు, స్నానం తర్వాత ఇంకా ఎక్కువైనట్టు ఉంటుంది. చెవిలో గులిమి ఉన్నంత మాత్రాన తీయక్కర్లేదు, ఇబ్బంది ఉంటేనే తీయాలి. కర్ణభేరికి చిల్లు గానీ, ఆపరేషన్ గానీ, చీము గానీ లేకపోతే ఆలివ్ నూనె లేదా మందుల షాపులో దొరికే గులిమి మెత్తబరిచే చుక్కలు రెండు మూడు, రోజుకు రెండుసార్లు, నాలుగైదు రోజులు వేయండి. మొదట్లో గులిమి ఉబ్బి ఇంకా వినబడకపోవచ్చు, భయపడకండి. అప్పటికీ పోకపోతే డాక్టర్ తీస్తారు. చెవిలో పెట్టి వెలిగించే కొవ్వొత్తులు గులిమిని తీయవు, కాల్చిన గాయాలు మాత్రం మిగులుస్తాయి.

చెవిలో ఏదైనా దూరితే

పురుగు దూరి కదులుతుంటే ఆ బాధ చెప్పలేనిది. కర్ణభేరికి చిల్లు లేనివాళ్లయితే పక్కకు పడుకుని, వేడి చేయని నూనె కొన్ని చుక్కలు వేసి పురుగు కదలడం ఆగేదాకా ఉండండి. తర్వాత తీయడం డాక్టర్ పని. గింజలు దూరితే నీళ్లు పోయకూడదు, ఉబ్బి బిగుసుకుపోతాయి. గడియారాల్లో ఉండే చిన్న బిళ్ల లాంటి బటన్ బ్యాటరీ దూరితే నీళ్లు, నూనె, చుక్కలు ఏవీ వేయకుండా వెంటనే అత్యవసర విభాగానికి పరుగెత్తండి. కొన్ని గంటల్లోనే చర్మాన్ని కాల్చేస్తుంది. పట్టకారుతో లాగే ప్రయత్నం ఎవరూ చేయకండి.

చెవి బాగానే ఉండి చెవిపోటు ఉంటే

చెవికి వచ్చే నరాలే పళ్లకు, దవడకు, గొంతుకు కూడా వెళతాయి. అందుకే కింది దవడ వెనుక పన్ను పుచ్చినా, జ్ఞానదంతం వస్తున్నా, టాన్సిల్స్ వాచినా, నిద్రలో పళ్లు నూరే అలవాటు వల్ల దవడ కీలు అలిసినా నొప్పి చెవిలోనే తెలుస్తుంది. దవడ అయితే కొన్నాళ్లు మెత్తని తిండి, గోరువెచ్చని కాపడం, పళ్లు బిగబట్టకుండా ఉండడం సాయపడతాయి. పన్ను అయితే డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాలి. పొగాకు గానీ మద్యం గానీ అలవాటున్న పెద్దవాళ్లకు చెవిలో ఏమీ కనిపించకుండా ఒక వైపు చెవిపోటు మూడు వారాలు దాటినా, దానితో పాటు మింగడం కష్టమైనా, గొంతు మారినా, మెడలో గడ్డ తగిలినా గొంతు లోపలి దాకా తప్పక పరీక్ష చేయించాలి. గొంతు క్యాన్సర్ కొందరిలో చెవిపోటుగానే మొదట బయటపడుతుంది.

విమానం దిగేటప్పుడు వచ్చే నొప్పికి గుటకలు వేయడం, ఆవలించడం, ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదడం చాలు. దిగడం మొదలైనప్పుడే చేయాలి, నొప్పి వచ్చాక కాదు. ఆ సమయంలో నిద్రపోకండి.

చుక్కలు వేసే పద్ధతి

సరైన మందు రాసినా సరిగా వేయక పనిచేయని సందర్భాలు చాలా ఉంటాయి. సీసా మీద గడువు తేదీ, తెరిచిన తేదీ చూసుకోండి. సీసాను గుప్పిట్లో రెండు మూడు నిమిషాలు పట్టుకుని ఒంటి వేడికి తెండి. చల్లని చుక్క పడితే తల గిర్రున తిరుగుతుంది. పక్కకు పడుకుని ఆ చెవి పైకి ఉంచండి. పెద్దవాళ్లయితే డొప్పను పైకి, వెనక్కి లాగాలి. మూడేళ్ల లోపు పిల్లలకు కిందికి, వెనక్కి లాగాలి. అలా చేస్తే దారిలోని మెలిక తిన్నగా అవుతుంది. సీసా కొన చెవికి తగలకుండా చుక్కలు వేసి, చెవి ముందు బుడిపెను నాలుగైదు సార్లు నొక్కి వదలండి. మందు లోపలికి దిగుతుంది. కనీసం మూడు నుంచి అయిదు నిమిషాలు అలాగే ఉండండి. లేచాక కారినదాన్ని బయట తుడవండి, లోపల దూది కుక్కకండి. ఒకరి చుక్కలు ఇంకొకరు వాడకండి. కోర్సు అయిపోయాక మిగిలిన సీసాను పారేయండి, లేకపోతే ఇంకో రాత్రి అదే చేతికి దొరుకుతుంది.

చెవిలో చుక్క వేయగానే మందు రుచి గొంతులో తెలిస్తే కర్ణభేరికి చిల్లు ఉందన్నమాట. జెంటామైసిన్, నియోమైసిన్ లాంటివి ఉన్న చుక్కలు అలాంటి చెవిలో వినికిడిని దెబ్బతీయగలవు. ఆపి వెంటనే డాక్టర్‌తో మాట్లాడండి.

మళ్లీ రాకుండా

స్నానం తర్వాత తలను ఒక పక్కకు వంచి, డొప్పను అటూ ఇటూ కదిలించి నీళ్లు కారనివ్వండి. తువ్వాలు కొనతో వేలు వెళ్లినంత వరకే తుడవండి. తరచుగా చెవులు పట్టేవాళ్లు హెయిర్ డ్రయ్యర్‌ను అతి తక్కువ వేడిలో, ఒక అడుగు దూరంలో పెట్టి అర నిమిషం ఆరబెట్టుకోవచ్చు. ఇయర్‌ఫోన్ల రబ్బర్లు వారానికోసారి కడిగి పూర్తిగా ఆరాకే పెట్టుకోండి. వినికిడి యంత్రం వాడేవాళ్లు రాత్రి దాన్ని తీసి చెవికి గాలి ఆడనివ్వాలి. జలుబు చేసినప్పుడు రెండు ముక్కులూ మూసి గట్టిగా చీదకుండా ఒక్కో వైపు మెల్లగా చీదండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ చెవి, కారిందా లేదా, వినికిడి తగ్గిందా, ఇంతకుముందు చెవికి ఆపరేషన్ జరిగిందా, షుగర్ ఉందా అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. ఇప్పటిదాకా చెవిలో ఏమేం వేశారో అది కూడా రాయండి. తిడతారేమోనని నేను పాత చుక్కల సంగతి మొదటిసారి దాచాను. రెండోసారి వెళ్లినప్పుడు సీసా జేబులో పెట్టుకుని వెళ్లి బల్ల మీద పెట్టాను. ఆ రోజే సరైన మందు దొరికింది.